పద్నాలుగు కంప్యూటర్లకు పాత భాష ఎందుకు?

ఒక తయారీ సంస్థలో కంప్యూటర్లనూ నెట్‌వర్క్‌నూ చూసుకునే ఉద్యోగి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, సంస్థ పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను. వారి నాణ్యతా పరీక్ష విభాగంలో విడిభాగాల కొలతలు తీసే యంత్రం ఒకటి ఉంది. యంత్రం గట్టిది, కొలతలు ఇప్పటికీ కచ్చితంగానే వస్తున్నాయి. అయితే దాన్ని నడిపే కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 98. యంత్రం నుంచి వచ్చే సంకేతాలను అందుకునే కార్డు పాత కంప్యూటర్లలో ఉండే ఐఎస్‌ఏ స్లాట్‌లో మాత్రమే పడుతుంది కాబట్టి ఆ కంప్యూటర్‌ను మార్చే వీలు లేదు. అది కొలతల ఫైళ్లను నెట్‌బూయీ అనే పాత ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) మీద పక్క గదిలోని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌కు పంపుతుంది. ఇంజినీర్లు తమ కంప్యూటర్ల నుంచి ఆ ఎక్స్‌పీలోని షేర్డ్ ఫోల్డర్ తెరిచి ఫైళ్లు చూసుకుంటారు.

రెండేళ్ల కిందట ఇంజినీర్లకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఆ ఫోల్డర్ తెరుచుకోలేదు. పని ఆగిపోతోందని ఒత్తిడి రావడంతో వీరు పద్నాలుగు కంప్యూటర్లలోనూ, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్‌ఎంబీ1ను ఆన్ చేశారు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. అప్పుడు కూడా, సెలవు మీద వెళ్లి వచ్చినవారి కంప్యూటర్‌లో ఫోల్డర్ మళ్లీ మాయమయ్యేదట, వీరు వెళ్లి మళ్లీ ఆన్ చేసేవారట. ఇప్పుడు భద్రతా ఆడిట్‌లో సంగతి బయటపడింది. రెండు నెలల్లో తీసేయాలని, ఎవరు ఎందుకు చేశారో వివరణ ఇవ్వాలని నివేదికలో రాశారు. సరిగ్గా ఇదే సమయానికి ఎక్స్‌పీ హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఒక రాత్రి ఆఫీసులోనే ఉండిపోయి ఎక్స్‌పీ సీడీలోని నెట్‌బూయీ ఫైళ్లను విండోస్ 11లోకి ఎక్కించాలని చూస్తే కుదరలేదు. విండోస్ 98లో ఇంటర్నెట్ నడిచే ప్రోటోకాల్ అయిన టీసీపీ/ఐపీ పెట్టి, విండోస్ 11లో ఎస్‌ఎంబీ1 సర్వర్ కూడా ఆన్ చేసి కలపబోతే పాస్‌వర్డ్ అడుగుతూ ఒక పెట్టె వచ్చింది, ఏది కొట్టినా ఒప్పుకోలేదు. యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి తెంచేయమని భద్రతాధికారి అంటున్నారు. ఫైళ్లు రావడం ఆగితే ఊరుకోనని మేనేజరు అంటున్నారు. ఇరవై ఏళ్లుగా యంత్రం మీద పనిచేస్తున్న పెద్దాయన, "నా కంప్యూటర్ మీద చెయ్యి వేయొద్దు బాబూ" అంటున్నారు. "నేను చేసింది ఒప్పుకోవాలా, చప్పుడు చేయకుండా ఆపేయాలా? ఈ పాత ప్రోటోకాల్‌ను కొత్త కంప్యూటర్ల మీద ఎలా బతికించాలి? మూడు వారాలుగా కంటి నిండా నిద్ర లేదు" అంటూ ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరైనది ఆడిట్ కాదు, ఆ డిస్క్. ఆడిట్‌కు రెండు నెలల గడువుంది. చప్పుడు చేసే డిస్క్‌కు గడువేమీ ఉండదు. ఇది చదివిన రోజే ఎక్స్‌పీని ఆపి, డిస్క్‌ను బయటకు తీసి, అడాప్టర్ సాయంతో ఒక లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌కు ప్రతి తీయండి. మామూలు కాపీ పాడైన చోటికి రాగానే అక్కడే కూర్చుని మళ్లీ మళ్లీ చదవబోయి డిస్క్ ప్రాణం తీస్తుంది. డీడీరెస్క్యూ చదవగలిగినదంతా ముందు చదివేసుకుని, మొరాయించిన చోట్లకు ఆఖరున తిరిగి వస్తుంది. ఆ ప్రతిని మంచి డిస్క్ మీదికి ఎక్కించి ఎక్స్‌పీని మరికొన్ని వారాలు నడపండి. నేను చెప్పబోయే దారుల్లో దేన్ని ఎంచుకున్నా ఆ ప్రతి పనికొస్తుంది.

ఇక అసలు చిక్కు. మీరు దీన్ని ఒకే సమస్యగా చూస్తున్నారు కాని, ఇందులో రెండు ముడులున్నాయి. మొదటిది విండోస్ 98కూ ఎక్స్‌పీకీ మధ్య నడుస్తున్న నెట్‌బూయీ. రెండవది ఎక్స్‌పీకీ పద్నాలుగు కొత్త కంప్యూటర్లకూ మధ్య నడుస్తున్న ఎస్‌ఎంబీ1. ఆడిట్ పట్టుకున్నది రెండోదాన్ని మాత్రమే. ఆ రెండోదానికి కారణం మీ కొలతల యంత్రం కాదు, ఎక్స్‌పీ. ఎందుకంటే ఎస్‌ఎంబీ2 ఎక్స్‌పీ తర్వాతి విండోస్ అయిన విస్టాతో వచ్చింది, ఎక్స్‌పీకి తెలిసినది ఎస్‌ఎంబీ1 ఒక్కటే. ఇంజినీర్లు ఎక్స్‌పీ తలుపు తట్టవలసిన అవసరమే లేకుండా చేస్తే, అంటే ఫైళ్లు వాటంతట అవే మీ మామూలు ఫైల్ సర్వర్‌లోకి చేరిపోతే, ఆ పద్నాలుగు కంప్యూటర్లలో ఎస్‌ఎంబీ1 ఉండవలసిన పని లేదు. పాత యంత్రంతో మాట్లాడడానికి దుబాసీ ఒకడు చాలు. ఊరంతా ఆ భాష నేర్చుకోనక్కర్లేదు.

మొదటి ముడి విప్పాలంటే ఏది ఏ అంతస్తులో ఉందో చూడాలి. వైరు మీద ఫ్రేములను మోసుకెళ్లే పని నెట్‌బూయీది. కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే ఏర్పాటు నెట్‌బయోస్. ఫైలు తెరువు, రాయి, మూసేయి అని చెప్పే సంభాషణ ఎస్‌ఎంబీ. ఈ సంభాషణ నెట్‌బూయీ మీద నడుస్తుంది, నోవెల్ సంస్థ నెట్‌వేర్ సర్వర్లు వాడిన ఐపీఎక్స్ మీద నడుస్తుంది, టీసీపీ/ఐపీ మీదా నడుస్తుంది. మీ కొలతల సాఫ్ట్‌వేర్‌కు వీటిలో ఏదీ తెలియదు. మీరు రాసినదాన్ని బట్టి దానికి తెలిసిందల్లా ఎఫ్ డ్రైవ్ అనే అక్షరం. కాబట్టి నెట్‌బూయీ ఈ కథలో అలవాటుగా మిగిలిపోయినదే తప్ప తప్పనిసరి కాదు. విండోస్ 98లో టీసీపీ/ఐపీ పుట్టుకతోనే ఉంది. ఆ కంప్యూటర్‌ను అమర్చినవారు నెట్‌బూయీని ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు: అడ్రసులు ఇవ్వనక్కర్లేదు, పేరు పెట్టి వైరు తగిలిస్తే చాలు. ఐబీఎం 1985లో దాన్ని తెచ్చినది చిన్న నెట్‌వర్క్‌ల కోసమే. రూటర్ దాటి అవతలికి వెళ్లడం దానికి చేతకాదు.

విండోస్ 11లో దాన్ని ఎక్కించలేకపోవడం మీ చేతకానితనం కాదు. ఎక్స్‌పీ నాటికే మైక్రోసాఫ్ట్ దాన్ని జాబితాలోంచి తీసేసి, సీడీలో ఒక మూల ఫోల్డర్‌లో పడేసింది. విస్టా నుంచి అదీ లేదు. మీ చేతిలో ఉన్న సీడీ మామూలు ఎక్స్‌పీది, అందులోని డ్రైవర్ 32 బిట్లది; విండోస్ 11 ఉన్నదే 64 బిట్లలో, దాని గుండెకాయ లాంటి కెర్నెల్ 32 బిట్ల డ్రైవర్‌ను లోపలికి రానివ్వదు. ఇంకా ఎన్ని రాత్రులు కూర్చున్నా ఫలితం ఇదే. ఇది మీ ఒక్కరి గోడూ కాదు. తన పాత ప్రోటోకాల్ యాపిల్‌టాక్‌ను యాపిల్ సంస్థే 2009లో స్నో లెపర్డ్ అనే మ్యాక్ వెర్షన్‌తో వదిలేసింది. లైనక్స్ కెర్నెల్ నుంచి ఐపీఎక్స్ 2018లో 4.18 వెర్షన్‌తో వెళ్లిపోయింది, డెక్ సంస్థ ప్రోటోకాల్ డెక్‌నెట్ 2022లో 6.1తో వెళ్లిపోయింది. చూసేవాళ్లు లేని కోడ్‌ను కెర్నెల్‌లో ఉంచడం కంటే తీసేయడమే మేలని వాటిని నడిపేవారు అనుకోవడంలో తప్పు లేదు. వాటి మీద ఆధారపడిన యంత్రాలు మాత్రం ఆ వార్త చదవవు.

అంతస్తులు చూడమని ఇంత నొక్కి చెప్పడానికి నా అనుభవం ఒకటి కారణం. ఒకప్పుడు ఐపీఎక్స్ మీద నడిచే సర్వర్‌కు ఒక కంప్యూటర్‌ను కలపలేక రెండు రోజులు తల పట్టుకున్నాను. కేబుల్ మార్చాను, కార్డు మార్చాను, చివరికి కంప్యూటర్‌నే మార్చాను. లింకు దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది, సర్వర్ మాత్రం కనిపించదు. తీరా చూస్తే సర్వర్ ఐపీఎక్స్‌ను 802.2 ఫ్రేములో చుట్టి పంపుతోంది, నా కంప్యూటర్ 802.3 ఫ్రేము కోసం ఎదురుచూస్తోంది. ప్రోటోకాల్ ఒకటే, కవరు వేరు. నెట్‌వేర్ కొత్త వెర్షన్లలో ఆ కవరు మారిందని తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను. "పాత ప్రోటోకాల్ పనిచేయడం లేదు" అనే మాట ఎవరి నోట విన్నా, ఏ అంతస్తులో అని అడగడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది.

మీరు చూసిన ఆ పాస్‌వర్డ్ పెట్టె కూడా అలాంటిదే. అందులో సర్వర్ పేరు పక్కన ఐపీసీ డాలర్ అని కనిపించి ఉంటుంది. అంటే కంప్యూటర్లు రెండూ ఒకదాన్నొకటి చూడగలిగాయి, ఎస్‌ఎంబీ1 సంభాషణ కూడా మొదలైంది. చిక్కు గుర్తింపు దగ్గర వచ్చింది. విండోస్ 98 పాస్‌వర్డ్‌ను ల్యాన్ మేనేజర్ పద్ధతిలో రుజువు చేసుకుంటుంది: అక్షరాలన్నిటినీ క్యాపిటల్స్‌గా మార్చి, 14కు మించినవాటిని లెక్కలోకి తీసుకోక, ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు విడివిడిగా ముద్ర తయారు చేస్తుంది. ఇంత బలహీనమైన ముద్రను దాచుకోవడమే విస్టా నుంచి విండోస్ మానేసింది. మీరు సరైన పాస్‌వర్డ్ కొట్టినా పోల్చి చూడడానికి అటువైపు ఏమీ లేదు. ఆ పెట్టె ముందు కూర్చుని మీరు ప్రయత్నించిన పాస్‌వర్డ్‌లన్నీ బహుశా సరైనవే.

ఇప్పుడు దారులు. నాకు ఎక్కువ నచ్చినది మొదట చెబుతాను, కాని మీ దగ్గర పరిస్థితి వేరైతే మిగిలినవాటిలో ఒకటి మీకు మేలు కావచ్చు.

ఎక్స్‌పీ స్థానంలో రెండు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న లైనక్స్ కంప్యూటర్‌ను దుబాసీగా పెట్టవచ్చు. ఒక పోర్టు నుంచి వైరు విండోస్ 98కు మాత్రమే వెళ్తుంది. రెండోది మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు వెళ్తుంది. రెండింటి మధ్య ప్యాకెట్లు దాటే దారి మూసేసి ఉంటుంది. పాత వైపు సాంబా, అంటే లైనక్స్ చేత ఎస్‌ఎంబీ మాట్లాడించే ప్రోగ్రామ్, నడుస్తుంది. సాంబా 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ1ను డిఫాల్ట్‌గా ఆపేసింది కాని తీసేయలేదు. కనీస ప్రోటోకాల్ చెప్పే వరుసలో ఎన్‌టీ1 (ఎస్‌ఎంబీ1కు అక్కడి పేరు) అని రాస్తే మళ్లీ మాట్లాడుతుంది. ఈ సెట్టింగ్ ఒక్కో ఫోల్డర్‌కు వేరువేరుగా పెట్టేది కాదు, ఆ సాంబా మొత్తానికీ వర్తిస్తుంది. అందుకే దాన్ని పాత వైపు పోర్టుకే కట్టేసి, కొత్త వైపు ఎవరికీ వినిపించకుండా చేయాలి. ఇంజినీర్లు దుబాసీ దగ్గరకు రారు. దుబాసీయే ఫైళ్లను తీసుకెళ్లి మీ ఫైల్ సర్వర్‌లో ఎస్‌ఎంబీ3 మీద పెట్టి వస్తుంది. సాంబా నెట్‌బూయీ మీద నడవదు, టీసీపీ/ఐపీ కావలసిందే. కనుక విండోస్ 98లో మీరు ఇప్పటికే పెట్టిన టీసీపీ/ఐపీని అలాగే ఉంచి, దానికి ఒక స్థిరమైన అడ్రసు ఇచ్చి, గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి. విండోస్ 98 ఇప్పటి కంప్యూటర్లలా 445 పోర్టుకు (ఇది వైరు తగిలించే పోర్టు కాదు, సేవను పిలిచే తలుపు నంబరు) రాదు, నెట్‌బయోస్ ద్వారా 139కే వస్తుంది. అందువల్ల సాంబాతో పాటు వచ్చే ఎన్‌ఎంబీడీ అనే సేవ కూడా నడుస్తూ ఉండాలి. లేకపోతే పేరు పెట్టి పిలిస్తే పలికేవారు ఉండరు.

పాస్‌వర్డ్ విషయంలో ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ల్యాన్ మేనేజర్ పద్ధతిని సాంబాలో ఆన్ చేసి, ఆ తర్వాత ఆ ఖాతాకు పాస్‌వర్డ్‌ను మళ్లీ కొత్తగా పెట్టవచ్చు. ముందు పెట్టిన పాస్‌వర్డ్‌కు పాత ముద్ర ఉండదు కనుక పని చేయదు. లేదా ఆ ఒక్క ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా తెరిచేలా ఉంచవచ్చు. వినగానే ఇది తప్పనిపిస్తుంది. కాని రెండు కంప్యూటర్ల మధ్య ఉన్న ఒకే వైరు మీద, ఎవరైనా చిటికెలో విప్పగలిగే పాస్‌వర్డ్ ఇచ్చే రక్షణ కన్నా, ఆ గదికి తాళం ఇచ్చే రక్షణ ఎక్కువ. భద్రతాధికారిని అడిగి ఏది పెట్టాలో నిర్ణయించండి. మీ పాస్‌వర్డ్ పెట్టె అనుభవం ఆయనకు చెబితే మీరు ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది.

చిన్నచిన్న చోట్లే ఇలాంటి పనులు తన్నేస్తాయి కనుక కొన్ని చెప్పి పెడతాను. షేర్ పేరు పన్నెండు అక్షరాలు దాటితే విండోస్ 98 జాబితాలో కనిపించదు. దుబాసీ పేరు పదిహేను దాటకూడదు. పాత ప్రోగ్రామ్‌లు కొన్ని పెద్ద డిస్క్‌లోని ఖాళీ స్థలాన్ని లెక్క పెట్టలేక తికమకపడి, "డిస్క్ నిండిపోయింది" అంటాయి. అసలు పరిమాణాన్ని దాచి చిన్న డిస్క్‌గా చూపించే సెట్టింగ్ సాంబాలో ఇందుకోసమే ఉంది. ఫైలు పూర్తిగా రాయకముందే దుబాసీ దాన్ని ఎత్తుకుపోతే సర్వర్‌లో సగం కొలతలే ఉంటాయి. కాబట్టి పరిమాణం రెండు నిమిషాల పాటు మారకుండా ఉన్న ఫైలునే తీసుకెళ్లేలా, అసలు ప్రతిని దుబాసీ దగ్గర కొన్నాళ్లు ఉంచేలా స్క్రిప్టు రాయండి. విండోస్ 98లోని నెట్‌వర్క్ కార్డు 10 మెగాబిట్లది అయితే, దుబాసీకి మీరు కొనే 2.5 గిగాబిట్ల పోర్టు అంత కిందికి దిగుతుందో లేదో ముందే చూసుకోండి, కొన్ని దిగవు. మధ్యలో ఒక పాత మామూలు స్విచ్ పెడితే సరిపోతుంది.

ఈ దారిలో నష్టం లేకపోలేదు. రేపు మీరు ఉద్యోగం మారితే దుబాసీ భాష తెలిసినవారు ఎవరూ ఉండరు. సాంబాలో ఎస్‌ఎంబీ1 మునుముందు తీసేయబోయే వాటిలో ఉంది. కాబట్టి మామూలు భద్రతా అప్‌డేట్లు పెడుతూనే, పెద్ద వెర్షన్ మారే ముందు మాత్రం డిస్క్ ఇమేజ్ తీసి పెట్టుకుని, పరీక్షించి, అప్పుడే మారాలి. ఈ పనికి ఒక మనిషి పేరు రాసి ఉండాలి. ఎవరి పనీ కాని పెట్టె ఏమవుతుందో మీ ఎక్స్‌పీయే సాక్ష్యం.

రెండో దారి, ఎక్స్‌పీని చంపకుండా వర్చువల్ మెషిన్‌లోకి, అంటే కొత్త కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లోకి, మార్చడం. ఇందుకు మీరు తీసిన డిస్క్ ప్రతి ఉపయోగపడుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, అడుగున ఉన్న కొత్త కంప్యూటర్‌కు నెట్‌బూయీ తెలియనక్కర్లేదు. బ్రిడ్జ్ పద్ధతిలో అది ఫ్రేములను విప్పి చూడకుండా లోపలి ఎక్స్‌పీకి అందిస్తుంది, టపా మోసేవాడికి ఉత్తరంలోని భాష తెలియనక్కర్లేనట్టే. అయితే వైరు తప్పనిసరి. వైఫై మీద బ్రిడ్జ్ చేస్తే, అలాంటి మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్ ఐపీ ప్యాకెట్లను మాత్రమే దాటిస్తుందని దాని మాన్యువల్‌లోనే ఉంది. విండోస్ 98లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు గనుక పెద్దాయనకు ఇది నచ్చుతుంది. కాని మీరు అత్యంత పాతవాటిని రెండింటినీ అలాగే మోస్తారు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అది వర్చువల్ మెషిన్‌లో ఉన్నంత మాత్రాన కొత్తదైపోదు. కొత్త హార్డ్‌వేర్‌ను చూసి యాక్టివేషన్ మళ్లీ అడుగుతుంది కూడా. ఆఫీసు నెట్‌వర్క్‌కు దాన్ని తగిలించకుండా, అడుగున లైనక్స్ పెట్టి, ఆ లైనక్స్ మాత్రమే లోపలి ఎక్స్‌పీ నుంచి ఫైళ్లు లాగి సర్వర్‌కు పంపేలా చేస్తే ఎస్‌ఎంబీ1 ఆ పెట్టె లోపలే ఉండిపోతుంది. లైనక్స్ క్లయింటు కూడా ఇప్పుడు ఎస్‌ఎంబీ1ను తనంతట తాను వాడదు, వెర్షన్ 1.0 అని మనం చెప్పాలి. విండోస్ 98లో టీసీపీ/ఐపీ స్థిరంగా నడవకపోతేనో, దాన్ని ముట్టుకోవడానికి అనుమతి రాకపోతేనో ఈ దారి పట్టండి.

భద్రతాధికారి అడిగినట్టు వైరు తెంచేయడం మూడో దారి, దాన్ని కొట్టిపారేయకండి. కొలతల ఫైళ్లు కొన్ని కిలోబైట్ల టెక్స్ట్ అయితే, ఫ్లాపీ డ్రైవ్ తీసేసి ఆ స్థానంలో పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీలా చూపించే ఫ్లాపీ ఎమ్యులేటర్ బిగించవచ్చు. విండోస్ 98 దాన్ని మామూలు 1.44 మెగాబైట్ల ఫ్లాపీ అనుకుని రాస్తుంది, మీరు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి సర్వర్‌లో పోస్తారు. ప్రోటోకాల్ గొడవే ఉండదు. కాని రోజుకు ఎన్నిసార్లు ఎవరు మోస్తారు, నిన్నటి ఫైలును ఇవాళ్టిదనుకుని ఎవరైనా పెడితే ఎలా పట్టుకుంటారు అన్న ప్రశ్నలు వస్తాయి. రోజుకు నాలుగైదు ఫైళ్లయితే సరే. నలభై అయితే రెండో వారానికే ఎవరో ఒకరు మళ్లీ వైరు తగిలిస్తారు, ఈసారి మీకు కూడా చెప్పకుండా.

యంత్రానికి కొత్త కంట్రోలర్ వేయించడం నాలుగోది. తయారీదారు ఇస్తే అన్నిటికన్నా శుభ్రమైన దారి అదే. ఖర్చు, మళ్లీ క్యాలిబ్రేషన్, ఆగిపోయే రోజులు మేనేజరు లెక్క చూసుకోవలసినవి. మీరు చేయవలసిందల్లా ఆ ప్రశ్న లిఖితపూర్వకంగా అడిగించడం.

ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేయడం కూడా ఒక దారే కాబట్టి దాని ఫలితమూ చెప్పాలి. 2017 మే 12న వ్యాపించిన వాన్నాక్రై అనే పురుగు (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) ఎస్‌ఎంబీ1లోని లోపాన్ని పట్టుకునే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఆ లోపానికి ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. మీ పద్నాలుగు కంప్యూటర్లలో ప్యాచ్‌లు ఉన్నాయి కనుక అదే పురుగు అదే దారిలో రాలేదు, ఆ భయం అక్కర్లేదు. కాని ఎన్‌క్రిప్షన్, సంభాషణ మొదట్లోనే మోసాన్ని పట్టే ఏర్పాటు ఎస్‌ఎంబీ3లోనే ఉన్నాయి. ఎస్‌ఎంబీ1 తెరిచి ఉన్న కంప్యూటర్‌ను మధ్యలో ఎవరైనా కూర్చుని ఆ పాత భాషకే దింపవచ్చు. ఆడిట్ చెబుతున్నది ఇదే. పైగా విండోస్ కూడా మిమ్మల్ని స్థిరంగా ఉండనివ్వదు. సెలవు తర్వాత ఫోల్డర్ మాయమవడానికి బహుశా కారణం, విండోస్ ఫీచర్ల జాబితాలో ఎస్‌ఎంబీ1 కింద క్లయింటు, సర్వర్‌లతో పాటు ఉండే ఆటోమేటిక్ రిమూవల్ అనే మూడో గడి. కంప్యూటర్ ఆన్‌లో ఉన్న పదిహేను రోజులు ఎస్‌ఎంబీ1 వాడకపోతే దాన్ని తీసేయడం దాని పని. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 మరో అడుగు వేసి, చాలా ఎడిషన్లలో డిజిటల్ సంతకం లేని ఎస్‌ఎంబీ సంభాషణను డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం మానేసింది. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత మీరు పద్నాలుగు బల్లల చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

మీ నిద్ర పోగొడుతున్న ప్రశ్నకు వస్తాను. చప్పుడు లేకుండా ఆపేయడం సాధ్యమే. కాని ఆడిట్ నివేదికలో పద్నాలుగు కంప్యూటర్ల సంగతి ఇప్పటికే రాశారు. వివరణ గడి ఖాళీగా ఉంటే ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది, అప్పుడు మీరు దాచిన పని ఎస్‌ఎంబీ1 ఆన్ చేయడం ఒక్కటే కాదు, ఆపేయడం కూడా అవుతుంది. చెప్పడంలోనూ ప్రమాదం ఉంది, మాట పడవలసి రావచ్చు. మీ మేనేజరు స్వభావం నాకు తెలియదు కనుక ఇది మీరే తూచుకోవాలి. నా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాను: చెప్పడమే మేలు, అయితే ఒట్టి ఒప్పుకోలుగా కాక ఒక పేజీ ప్రణాళికగా చెప్పండి. మొదటి పేరాలో జరిగినది, తేదీతో సహా, సాకులు లేకుండా రాయండి: కొత్త కంప్యూటర్లకు ఎక్స్‌పీ ఫోల్డర్ తెరుచుకోలేదు, పని ఆగకుండా నేను ఎస్‌ఎంబీ1 ఆన్ చేశాను, నమోదు చేయలేదు. రెండో పేరాలో ఎక్స్‌పీ డిస్క్ సంగతి, తీసిన ప్రతి సంగతి రాయండి. మూడో దాంట్లో పైన చెప్పిన దారుల్లో రెండింటిని ఖర్చుతో, వ్యవధితో పెట్టి, ఏది ఎంచుకోవాలో మేనేజరునూ భద్రతాధికారినీ కలిసి సంతకం చేయమనండి. ఇప్పటిదాకా వారిద్దరూ వేర్వేరుగా మీ మీద ఒత్తిడి పెడుతున్నారు. ఒకరు తెంచమని, ఒకరు ఆపవద్దని. ఆ ఇద్దరి మాటల మధ్య ఉన్న తగువును మీరు ఒక్కరే రెండేళ్లుగా మోశారు. దాన్ని ఒకే కాగితం మీదికి తెస్తే అది వారి మధ్య తేలవలసిన విషయమవుతుంది.

గడువు లోపల దుబాసీ సిద్ధం కాకపోతే, మధ్యకాలానికి ఒక ఏర్పాటు ఉంది. పద్నాలుగింటిలో పదమూడింటిలో ఎస్‌ఎంబీ1 ఇవాళే ఆపేయండి. మిగిలిన ఒక్కదానిలో క్లయింటు భాగం మాత్రమే ఉంచి, సర్వర్ భాగం గడి తీసేసి, రోజుకు రెండుసార్లు అక్కడి నుంచి ఫైళ్లను సర్వర్‌కు కాపీ చేయించండి. పరీక్ష కోసం మీరు విండోస్ 11లో ఆన్ చేసిన సర్వర్ భాగాన్ని కూడా మరిచిపోకుండా ఆపండి. పద్నాలుగు ఒకటికి తగ్గిందని చూపిస్తే ఆడిట్ వారు మిగిలినదానికి గడువు పెంచడం తేలిక.

పెద్దాయన విషయంలో మీరు రాసిన తీరులో కాస్త విసుగు కనిపించింది. ఆయన భయం అర్థం లేనిది కాదు. ఇరవై ఏళ్లలో ఎవరో ఒకరు "చిన్న మార్పే" అని వచ్చి ఆ కంప్యూటర్‌ను పాడుచేసి వెళ్లే ఉంటారు. ఆయన దగ్గరకు టీసీపీ/ఐపీ సంగతి తీసుకెళ్లకండి. "ఈ కంప్యూటర్ డిస్క్ పోతే మనకు మరోటి లేదు, ముందు దీనికి ప్రతి తీసి మీ చేతికే ఇస్తాను" అని చెప్పండి. ప్రతితోనే యంత్రం మొదలవుతుందని ఆయన కళ్లతో చూశాక మిగతా మాటలు తేలిక. ఎఫ్ డ్రైవ్ ఎఫ్‌గానే ఉంటుందని, ఫోల్డర్ పేర్లు మారవని మాట ఇచ్చి నిలబెట్టుకోండి. మార్పు చేసే రోజు నెట్‌బూయీని తీసేయకుండా టీసీపీ/ఐపీ పక్కనే ఉంచి, ఎక్స్‌పీని కూడా ఆపకుండా, ఒక వారం ఫైళ్లు రెండు చోట్లకూ వెళ్లేలా చేయండి. రెండింటినీ ఆయనతోనే పోల్చి చూపించమనండి. తేడా పట్టుకోవడంలో ఆయన కన్ను మీ స్క్రిప్టు కన్నా నమ్మకమైనది.

ఉత్తరంలో ఒక్క వివరం మాత్రం దొరకలేదు: విండోస్ 98 వెనక నెట్‌వర్క్ కార్డుకు తగిలి ఉన్నది టెలిఫోన్ ప్లగ్ లాంటి వెడల్పాటి ప్లగ్గా, లేక తిప్పి బిగించే గుండ్రటి కనెక్టరా అన్నది. మొదటిదైతే పైన చెప్పినవన్నీ నేరుగా వర్తిస్తాయి. రెండోదైతే అది కోయాక్సియల్ కేబుల్. రెండు రకాల సాకెట్లూ ఉన్న పాత హబ్ ఒకటి మధ్యలో కావాలి, కేబుల్ రెండు కొసలకూ 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండి తీరాలి. దుబాసీకి కావలసినవేవీ కొనకముందే వెళ్లి ఆ కంప్యూటర్ వెనక్కి ఒకసారి టార్చి వేసి చూడండి.